రెండు మూడు ట్యాంకులతో దిగితే, గాలి ఎంతుందో బడ్డీకి ఎలా చెప్పాలి?

ఒక్క ట్యాంకుతో స్కూబా డైవ్ చేసినన్నాళ్లూ ఎవరికీ రాని సందేహం, రెండోది తగిలించుకోగానే అందరికీ వస్తుంది. "బడ్డీ (నీళ్లలో మనకు జంటగా ఉండే డైవర్) 'గాలి ఎంత?' అని అడిగితే ఏ గేజ్ (ట్యాంకులో పీడనం చూపే మీటర్) చూసి చెప్పాలి? రెండూ కలిపి చెప్పాలా, తక్కువున్నదే చెప్పాలా?" సైడ్‌మౌంట్‌కు (ట్యాంకులను వీపున కాక రెండు పక్కలా తగిలించుకునే పద్ధతికి) కొత్తగా మారినవాళ్లు, మొదటిసారి స్టేజ్ ట్యాంకు (పక్కన మోసుకెళ్లే అదనపు ట్యాంకు) మోసుకెళ్లేవాళ్లు వరసపెట్టి ఇదే అడుగుతున్నారు. ప్రతిసారీ ముక్కలుముక్కలుగా చెప్పేకంటే ఒక్కచోట రాసిపెడదామని కూర్చున్నాను.

పొట్టి జవాబు ముందే చెప్పేస్తాను. కలపకండి. ముందు ట్యాంకు పేరు చెప్పండి, తర్వాత అంకె చెప్పండి. బడ్డీ ఆ అంకెను తిరిగి చూపించేదాకా మీరు చెప్పనట్టే లెక్క. కిందదంతా దీన్నే నీళ్లలో గందరగోళం లేకుండా ఎలా చేయాలన్నది.

ఇది శిక్షణకు బదులు కాదు. ట్విన్‌సెట్ (వీపున జంట ట్యాంకులు), సైడ్‌మౌంట్, డికంప్రెషన్ (లోతు నుంచి ఆగి ఆగి పైకి రావడం) కోర్సుల్లో మీ ఇన్‌స్ట్రక్టర్ నేర్పిన సైగలు దీనికి భిన్నంగా ఉంటే వాటినే వాడండి, కానీ ఇద్దరూ ఒకే సైగలు వాడండి. ఇంకోటి, "గాలి" అని రాసినచోటల్లా ట్యాంకులో నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) ఉన్నా ఇంకేదైనా ఉన్నా అదే అనుకోండి.

ముందు మీ అమరిక ఏదో తేల్చుకోండి

ఎన్ని అంకెలు చెప్పాలన్నది ఎన్ని ట్యాంకులున్నాయన్నదాన్ని బట్టి కాదు, వాటిలో ఎన్ని ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

మానిఫోల్డ్‌తో (రెండు ట్యాంకులనూ జోడించే గొట్టంతో) కలిపిన ట్విన్‌సెట్ అయితే వీపు మీద రెండు ట్యాంకులున్నా గాలి ఒకటే, గేజ్ ఒకటే, చెప్పే అంకె ఒకటే. మధ్యలో ఉన్న ఐసొలేటర్ వాల్వ్ (రెండింటినీ విడదీసేది) తెరిచి ఉన్నంతవరకే ఈ మాట నిజం. దాని సంగతి తప్పుల దగ్గర చెబుతాను.

సైడ్‌మౌంట్‌లో, మానిఫోల్డ్ లేని జంట ట్యాంకుల్లో, రెండూ వేటికవే. రెండు గేజ్‌లు, రెండు అంకెలు.

వీపు మీద ప్రధాన ట్యాంకు, పక్కన స్టేజ్ లేదా డికో (డికంప్రెషన్‌లో పీల్చే) ట్యాంకు ఉంటే ప్రధానమైనదాని అంకె ఒకటి, పక్కదాని అంకె వేరే. "పోనీ బాటిల్" అనే చిన్న అదనపు ట్యాంకు మాత్రం లెక్కలోకి రాదు. అది ఆపదకు దాచుకున్నది. దిగేముందు నిండుగా ఉందని ఒకసారి చూపించి, ఇక దాన్ని మాటల్లోకి తేకండి.

కావలసినవి

- వేరుగా ఉన్న ప్రతి ట్యాంకుకూ ఒక గేజ్ (మానిఫోల్డ్‌తో కలిపిన జంటకు ఒకటే). గేజ్ లేని ట్యాంకు గురించి బడ్డీకి మీరు చెప్పేదంతా ఊహే.
- ఒక స్లేట్ లేదా తడిసినా చిరగని నోట్‌బుక్, పెన్సిల్. పెన్సిల్‌ను దారంతో కట్టండి, లేకపోతే మొదటి డైవ్‌లోనే పోతుంది.
- ట్యాంకుల మీద గుర్తులు. డికో ట్యాంకు మీద ఎంత లోతుదాకా వాడొచ్చో మీటర్లలో పెద్ద అంకె, దూరం నుంచి బడ్డీకి కనబడేలా.
- రాత్రి డైవ్‌కు, చీకటి చోట్లకు టార్చ్.
- దిగేముందు ఒడ్డున పది నిమిషాలు. అందరూ ఎగ్గొట్టేది దీన్నే.

1. బార్‌లో చెప్పుకోవాలా, పీఎస్‌ఐలోనా? ఒడ్డునే తేల్చండి

బార్, పీఎస్‌ఐ రెండూ ట్యాంకులో పీడనానికి కొలతలే. ఇద్దరి గేజ్‌లూ ఒకే కొలతలో ఉంటే మంచిది. 1 బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ. నిండు ట్యాంకు ఒకరి గేజ్‌లో 200 అని, ఇంకొకరి గేజ్‌లో సుమారు 3000 అని కనబడుతుంది. చిక్కు నిండుగా ఉన్నప్పుడు రాదు, మధ్యలో వస్తుంది. ఒకరు "1, 5" అని వేళ్లు చూపిస్తే బార్ మనిషికి అది 150. పీఎస్‌ఐ మనిషి 1500 అన్న ఉద్దేశంతో చూపించి ఉంటాడు, అంటే దాదాపు 103 బార్. ఇద్దరూ ఓకే చెప్పుకొని ముందుకు పోతారు. తేడా దాదాపు 50 బార్.

ప్రత్యామ్నాయం: గేజ్‌లు మార్చుకునే వీలు లేకపోతే, పీఎస్‌ఐ గేజ్ ఉన్న మనిషి తన స్లేట్ మీద నాలుగు అంకెలు బార్‌లోకి మార్చి రాసుకోవాలి. 3000 అంటే 200, 2000 అంటే 135, 1500 అంటే 100, 750 అంటే 50. ఇవి కాస్త కిందికి సవరించిన అంకెలే. నీళ్లలో మనసులో లెక్కగట్టుకుంటాననే ధైర్యం చేయకండి. 30 మీటర్ల దగ్గర నైట్రోజన్ మత్తు మొదలైన బుర్ర 14.5తో భాగహారం చేయదు.

2. ట్యాంకులకు పేర్లు పెట్టండి

పేరు అంటే సైగ. అన్నిటికంటే తేలికైనది ఆ ట్యాంకునే చేత్తో తట్టడం. ఎడమ ట్యాంకు అంకె చెప్పబోతుంటే ఎడమ ట్యాంకును తట్టి, తర్వాత వేళ్లు చూపించండి.

గాల్లో "ఎడమ వైపుది" అని చెయ్యి ఊపితే కుదరదు. మీకు ఎదురుగా ఉన్న బడ్డీకి మీ ఎడమ తన కుడి వైపున కనబడుతుంది. ఎవరి ఎడమ అన్న ప్రశ్న నీళ్లలో తేలదు. ట్యాంకును ముట్టుకుంటే ఆ ప్రశ్నే రాదు.

వీపు ట్యాంకులకు భుజం మీదుగా బొటనవేలు వెనక్కి చూపడం సరిపోతుంది. స్టేజ్ ఒకటే ఉంటే దాన్ని తట్టండి. ఒకే పక్కన రెండు ఉంటే స్టేజ్‌కు వాల్వ్ దగ్గర, డికో ట్యాంకుకు దాని మీద రాసిన లోతు అంకె దగ్గర చెయ్యి పెట్టండని నేను చెబుతుంటాను. మీరు ఇంకోలా అనుకున్నా పరవాలేదు, స్లేట్ మీద రాసుకుంటే చాలు.

3. అంకెలు ఒక్క చేత్తో చూపడం నేర్చుకోండి

రెండో చెయ్యి గేజ్ పట్టుకునో, తాడు పట్టుకునో, టార్చ్ పట్టుకునో ఉంటుంది కాబట్టి ఒక్క చేత్తోనే పని జరగాలి.

- 1 నుంచి 5: వేళ్లు నిలువుగా.
- 6 నుంచి 9: వేళ్లు అడ్డంగా. ఒక వేలు అడ్డంగా ఉంటే 6, రెండైతే 7, మూడైతే 8, నాలుగైతే 9.
- 0: బొటనవేలు, మిగతా వేళ్లు అన్నీ కలిపి సున్నా ఆకారం.

ఈ సున్నా, ఓకే సైగ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఓకేలో మూడు వేళ్లు విప్పి ఉంటాయి, సున్నాలో అన్నీ ముడుచుకొని ఉంటాయి. మందపాటి గ్లవ్స్ వేసుకుంటే ఆ తేడా పోతుంది. అందుకే నేను చివరి సున్నాను మొత్తానికే తీసేస్తాను. 140ని "1, 4" అని, 90ని "9" అని మాత్రమే చూపిస్తాను. బడ్డీకి కూడా అదే అలవాటు ఉంటేనే ఇది పనికొస్తుంది. మధ్యలో సున్నా వస్తే తప్పదు, 100కు "1, 0" అనే చూపాలి.

ఎప్పుడూ కిందికే సవరించండి. ముల్లు 137 దగ్గర ఉంటే 130 అని చెప్పండి, 140 అనకండి. ముల్లు గేజ్‌లు, ముఖ్యంగా కింది భాగంలో, ఐదారు బార్‌ల తేడా చూపించడం మామూలే. ఆ తేడా మీకు అనుకూలంగా ఉందని ఎందుకు నమ్మాలి?

4. పిడికిలి అంటే ఏమిటో ముందే మాట్లాడుకోండి

ఈ ఒక్క విషయానికి ఒక మెట్టు పూర్తిగా కేటాయిస్తున్నానంటే కారణం ఉంది. మామూలు డైవింగ్‌లో పిడికిలి చూపిస్తే "గాలి తక్కువైంది" అని. చాలామందికి అది 50 బార్ గుర్తు. టెక్నికల్ డైవింగ్, గుహ డైవింగ్ నేర్చినవాళ్లకు అదే పిడికిలి "ఆగు, అక్కడే ఉండు" అని అర్థం.

నాకు ఇది అనుభవమైంది. ఇద్దరం సైడ్‌మౌంట్‌లో ఉన్నాం, నా ఫిన్‌కు తాడు చుట్టుకుంది. విడిపించుకోవడానికి "ఆగు" అని పిడికిలి ఎత్తాను. బడ్డీ కళ్లు మాస్క్‌లో ఇంతింతయ్యాయి. నేను తాడు విప్పుకునేలోగా అతను నా దగ్గరికి వచ్చేసి, తన పొడవాటి గొట్టం రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకొని ఊపిరి తీసే పరికరం) నా మూతి దగ్గర పెట్టాడు. నా రెండు ట్యాంకుల్లోనూ 150 పైనే ఉంది. ఒడ్డుకొచ్చాక నవ్వుకున్నాం కానీ, ఇదే తిరగబడి ఉంటే? అతనికి నిజంగా గాలి తక్కువై పిడికిలి చూపిస్తే నేను బుద్ధిగా ఆగి నిలబడి చూస్తుండేవాణ్ని.

"టీ" సైగ కూడా ఇలాంటిదే. ఒక చేతి వేళ్ల మీద ఇంకో అరచెయ్యి పెట్టి చూపిస్తే కొందరికి 100 బార్, కొందరికి సగం ట్యాంకు. నిండుగా 232 బార్ పట్టే ట్యాంకులో సగం అంటే 116. ఒకటికంటే ఎక్కువ ట్యాంకులున్న డైవ్‌లో ఈ రెండు సైగలనూ అంకెల కోసం వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పిడికిలిని "ఆగు" కోసం ఉంచేయండి, అంకెలన్నీ వేళ్లతోనే చెప్పుకోండి.

5. తిరుగు అంకె స్లేట్ మీద రాయండి

"ఎంత ఉంది" అన్నదానికంటే "ఎంత దగ్గర తిరగాలి" అన్నది బడ్డీకి ఎక్కువ అవసరం. దాన్ని ఒడ్డునే లెక్కగట్టి, ట్యాంకు ట్యాంకుకూ రాసుకోవాలి.

నేరుగా పైకి రాలేని చోట్ల, గుహలో గానీ ఓడ శిథిలం లోపల గానీ, మూడో వంతు పద్ధతి వాడతారు. ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, మిగతా వంతు బడ్డీ కోసం, ఆపద కోసం. సైడ్‌మౌంట్‌లో ఇది ఒక్కో ట్యాంకుకు విడిగా వర్తిస్తుంది. రెండు ట్యాంకులూ 200 బార్‌తో మొదలైతే మూడో వంతు 66, కిందికి సవరిస్తే 60. రెండింటిలోనూ 140 కాగానే తిరగాలి. మీ స్లేట్ మీద "ఎడమ 200, 140. కుడి 200, 140" అని ఉంటుంది.

ఇద్దరి ట్యాంకుల పరిమాణం వేరైతే బార్‌లను పోల్చడం మోసం. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. మీకు 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంకులు రెండు, బడ్డీకి 7 లీటర్లవి రెండు. నాలుగు గేజ్‌లూ 200 చూపిస్తున్నాయి. బడ్డీ మొత్తం గాలి 14 లీటర్లను 200తో గుణిస్తే 2800 లీటర్లు, అందులో మూడో వంతు సుమారు 930. మీకోసం బడ్డీ దాచగలిగింది అంతే. మీరు మామూలుగా ఒక్కో ట్యాంకు నుంచి 60 బార్ వాడుకొని లోపలికి పోతే 22.2ను 60తో గుణించండి, 1332 లీటర్లు ఖర్చు. అంత ఖర్చు పెట్టి వెళ్లిన దూరం నుంచి 930తో వెనక్కి రాలేరు. కాబట్టి మీరు ఒక్కో ట్యాంకు నుంచి 40 బార్ మాత్రమే వాడాలి, అప్పుడు 888 లీటర్లు. మీ తిరుగు అంకె 160, బడ్డీది 140. గేజ్‌లు నాలుగూ 200తోనే మొదలైనా తిరుగు అంకెలు వేరు. నీళ్లలో బడ్డీ "1, 5" చూపిస్తే అతనికి ఇంకా కాస్త ఉంది, మీ గేజ్‌లో అదే కనబడితే మీరు ఇప్పటికే దాటేశారు. అందుకే బడ్డీ తిరుగు అంకె కూడా మీ స్లేట్ మీద ఉండాలి.

పైకి దారి తెరిచి ఉన్న నీళ్లలో మూడో వంతు అవసరం లేకపోవచ్చు. అక్కడ ఇద్దరూ ఒకరి గాలితో అడుగు నుంచి ఆగుతూ ఆగుతూ పైకి రావడానికి ఎంత కావాలో ఆ అంకెను రాసుకుంటే చాలు. ఏ పద్ధతైనా, ముందు ఎవరి అంకె వస్తే వాళ్లు బొటనవేలు పైకి చూపిస్తారు ("ఇక పైకి పోదాం" అని), ఇంకొకరు వాదించరు.

ఒక హెచ్చరిక: ట్యాంకులు నింపినప్పుడు వేడెక్కి ఉంటాయి. చల్లని నీళ్లలోకి దిగగానే, 200 బార్ ట్యాంకులో ఒక్కో డిగ్రీకి సుమారు 0.7 బార్ చొప్పున పడిపోతుంది. పదిహేను డిగ్రీలు చల్లబడితే 10 బార్ ఊపిరి తీయకుండానే పోతుంది. మొదటి అంకె ఒడ్డున కాదు, నీళ్లలో దిగి రెండు మూడు నిమిషాలు ఆగాక చూసుకొని చెప్పుకోండి. తిరుగు అంకె కూడా దాన్నిబట్టి సరిచేసుకోండి.

6. నీళ్లలో చెప్పే వరస

వరస ఎప్పుడూ మారకూడదు. నేను వాడేది ఇది.

బడ్డీ రెండు వేళ్లతో అరచేతి మీద తడతాడు: గాలి ఎంత? నేను గేజ్‌లు చూస్తాను. గుర్తున్నది చెప్పను, ప్రతిసారీ చూసే చెబుతాను. ఎడమ ట్యాంకును తడతాను. "1", ఆగి, "4". బడ్డీ తన వేళ్లతో "1, 4" అని తిరిగి చూపిస్తాడు. నేను ఓకే. కుడి ట్యాంకును తడతాను. "1", "6". బడ్డీ "1, 6". ఓకే. తర్వాత నా నోట్లో రెగ్యులేటర్‌ను చూపించి, కుడి ట్యాంకును ఇంకోసారి తడతాను: ఇప్పుడు దీన్నుంచి పీలుస్తున్నాను.

పది సెకన్లు పడుతుంది. ఈ పది సెకన్లలో ముఖ్యమైనది బడ్డీ తిరిగి చూపించడం. అంకె విని ఓకే అన్నవాడు విన్నాడో లేదో మీకు తెలియదు. తిరిగి చూపించినవాడు తప్పు చూపిస్తే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. నిజానికి ఈ ఒక్క అలవాటుతోనే చాలామందికి సగం తలనొప్పి పోతుంది.

చివర్లో ఏ ట్యాంకు నుంచి పీలుస్తున్నారో చెప్పడం ఎందుకంటే, వచ్చే ఐదు పది నిమిషాల్లో ఏ అంకె తగ్గుతుందో బడ్డీకి తెలియాలి. మళ్లీ అడిగినప్పుడు తగ్గకూడనిది తగ్గితే, ఎక్కడో లీక్ అవుతున్నట్టు.

ఎప్పుడెప్పుడు చెప్పాలి? అడిగేదాకా ఆగకండి. సైడ్‌మౌంట్‌లో రెండు ట్యాంకులనూ సమానంగా ఖాళీ చేసుకుంటూ పోవాలి కాబట్టి ప్రతి 20, 30 బార్‌లకోసారి రెగ్యులేటర్ మారుస్తారు. ఆ మార్చిన క్షణమే చెప్పే సమయం. మారుస్తున్నారంటే గేజ్ ఎలాగూ చూశారు, చెయ్యి ఎలాగూ ఖాళీగా ఉంది. దీనికి తోడు అనుకున్న లోతుకు చేరగానే ఒకసారి, తిరిగేచోట ఒకసారి. గాలి ఎక్కువ వాడే మనిషిని ఎక్కువసార్లు అడగండి, మొహమాటం వద్దు.

ప్రత్యామ్నాయాలు

చీకట్లో: సైగ చేసే చేతి మీద మీ టార్చ్ వెలుగు పడనివ్వండి. బడ్డీ కళ్లలోకి కొడితే అతనికి వేళ్లూ కనబడవు, కాసేపు గేజూ కనబడదు.

గ్లవ్స్ మందంగా ఉంటే: వేళ్ల మాట మానేసి స్లేట్ మీద రాసి చూపించండి. లేదా గేజ్‌నే బడ్డీ మాస్క్ ముందు పెట్టండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, అన్నిటికంటే నమ్మకమైనది అదే.

ఏమీ కనబడని నీళ్లలో: అంకెలు చెప్పుకునే ప్రయత్నం చేయకండి. తాకి చెప్పే సైగల్లో ముందుకు, ఆగు, వెనక్కి లాంటి మాటలే ఇమిడేది. తిరుగు అంకె రాగానే "వెనక్కి" అన్న సైగ చాలు.

ట్రాన్స్‌మిటర్లతో (ట్యాంకు పీడనాన్ని సిగ్నల్‌గా పంపేవి) మణికట్టు కంప్యూటర్‌లో చూసేవాళ్లు: రెండు ట్రాన్స్‌మిటర్లలో ఏది ఎడమ, ఏది కుడి అని కంప్యూటర్‌కు చెప్పింది మీరే, తారుమారు చేసేదీ మీరే. ఒడ్డున ఒక్క ట్యాంకు వాల్వ్ మాత్రం తెరిచి, తెరపై సరైన వైపు అంకె వచ్చిందో లేదో చూడండి. సిగ్నల్ పోయినప్పుడు పాత అంకెనే చూసి చెప్పకండి. కంప్యూటర్ చూపే "మిగిలిన నిమిషాలు" కూడా బడ్డీకి చెప్పకండి, అది మీ ఊపిరిని బట్టి వేసిన అంచనా. ఇద్దరు పీలిస్తే ఆ లెక్క తలకిందులు.

7. స్టేజ్, డికో ట్యాంకుల గురించి

స్టేజ్ ట్యాంకు నుంచి పీలుస్తున్నంతసేపూ దాని అంకెను వేరుగా చెప్పండి. తర్వాత, ప్రధాన ట్యాంకులు నిండుగా ఉన్నాయని ఒకసారి చూపించండి. స్టేజ్ ఖాళీ అయ్యాక ప్రధాన ట్యాంకులకు మారినప్పుడు మొత్తం వరస మొదటినుంచి చెప్పాలి.

డికో ట్యాంకు సంగతి వేరు. దాంట్లో ఎంత ఉందన్నది అడుగున ఉన్నప్పుడు బడ్డీకి అక్కరలేదు. దాన్ని అడుగున ఎవరూ నోట్లో పెట్టుకోకూడదన్నదే తెలియాలి. 50 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌ను మామూలుగా 21 మీటర్ల దగ్గర, పూర్తి ఆక్సిజన్‌ను 6 మీటర్ల దగ్గర వాడతారు. 30 మీటర్ల దగ్గర పూర్తి ఆక్సిజన్ పీలిస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం 4 బార్‌కు పోతుంది. ఫిట్స్ వచ్చి నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోయే పరిస్థితి. కంగారులో ఉన్న బడ్డీ దొరికిన రెగ్యులేటర్ లాక్కుంటాడు కాబట్టి, ఒడ్డున పేర్లు పెట్టుకునేటప్పుడే డికో ట్యాంకును చూపించి రెండు చేతులూ అడ్డంగా పెట్టి "ఇది కాదు" అని చెప్పండి. వాడే లోతుకు చేరాక లోతు అంకెను ఇద్దరూ చూసి, ఓకే అనుకొని, మారి, అప్పుడు దాని బార్ చెప్పుకోండి.

8. గాలి అయిపోతే అంకెలు ఆపేయండి

గొంతు కోసినట్టు చూపే సైగ కనబడితే "ఎంత ఉంది?" అని అడగకండి. గాలి ఇవ్వండి. ఇద్దరూ ఊపిరి నిదానించాక, చేతులు పట్టుకున్నాక మొత్తం వరస కొత్తగా చెప్పుకోవాలి. అంతకుముందు చెప్పుకున్న అంకెలు ఇక పనికిరావు.

సైడ్‌మౌంట్‌లో సాధారణంగా పొడవాటి గొట్టం కుడి ట్యాంకుకు ఉంటుంది. గాలి తీసుకుంటున్న బడ్డీ మీ కుడి ట్యాంకు నుంచి పీలుస్తుంటే ఆ గేజ్ ఎంత వేగంగా పడుతుందో ఊహించండి. భయపడ్డ మనిషి నీటిపై ఉన్నప్పటి లెక్కన నిమిషానికి 40 లీటర్లు పీలుస్తున్నాడనుకుంటే, 30 మీటర్ల దగ్గర అది నాలుగింతలు, 160 లీటర్లు. 11.1 లీటర్ల ట్యాంకులో నిమిషానికి 14 బార్ పైమాటే. కాబట్టి నిమిషానికోసారి కుడి గేజ్ అతనికే చూపించండి. తన గాలి తన కళ్లతో చూసుకున్నవాడికి గుండె కుదుటపడుతుంది.

అందరూ చేసే తప్పులు

కలిపి చెప్పడం. ఎడమ 20, కుడి 180 ఉన్నా మొత్తం 200, ఎడమ 100, కుడి 100 ఉన్నా 200. మొదటిదాంట్లో కుడి రెగ్యులేటర్ చెడితే మీ దగ్గర ఉన్నది 20. రెండోదాంట్లో ఏది చెడినా 100. బడ్డీకి మీరు రెండుసార్లూ ఒకే అంకె చెప్పారు. సగటు చెప్పడం కూడా ఇదే తప్పు, వేషం మార్చుకుంది.

తక్కువున్నదొక్కటే చెప్పడం. కలపడం కంటే నయం, ప్రమాదం వైపు మొగ్గదు. కానీ దీనివల్ల రెండు ట్యాంకుల మధ్య తేడా పెరిగిపోతున్నా బడ్డీకి తెలియదు. తొందరలో ఉంటే తక్కువున్నది చెప్పి, వీలు దొరకగానే పూర్తి వరస చెప్పండి.

అంకె అడిగితే ఓకే చెప్పడం. "చాలానే ఉందిలే" అని దాని అర్థం. వెంటనే ఇంకోసారి అడగండి.

ముల్లు కదలడం లేదని సంతోషించడం. ట్విన్‌సెట్‌లో గేజ్ సాధారణంగా ఎడమ వైపు, ప్రధాన రెగ్యులేటర్ కుడి వైపు ఉంటాయి. ఐసొలేటర్ మూసుకొని ఉంటే మీరు కుడి ట్యాంకు ఖాళీ చేస్తుంటారు, గేజ్ మాత్రం నిండుగా ఉన్న ఎడమ ట్యాంకునే చూపిస్తుంటుంది. మీరు బడ్డీకి గర్వంగా "2, 0" అని చెబుతూ ఉంటారు. పదిహేను నిమిషాల తర్వాత కూడా అంకె కదలకపోతే మీరు పొదుపరి కాదు, వాల్వ్ చూసుకోండి.

గేజ్‌లు తారుమారు కావడం. సైడ్‌మౌంట్‌లో గొట్టాలు ఛాతీ మీద దగ్గరదగ్గరగా వస్తాయి. ఎడమ గేజ్ అనుకున్నది కుడిది కావచ్చు. ఎడమ గొట్టానికి ఒక రంగు టేప్ చుట్టండి.

వాల్వ్ సగమే తెరిచి ఉండటం. ఊపిరి తీసినప్పుడు ముల్లు వెనక్కి ఊగి మళ్లీ లేస్తుంటే ఆ అంకె నమ్మొద్దు. ముందు వాల్వ్ పూర్తిగా తెరవండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒడ్డున మొదటి పరీక్ష: ఎడమ ట్యాంకు వాల్వ్ తెరిచి మళ్లీ మూయండి, ఆ రెగ్యులేటర్‌తో రెండు ఊపిరులు తీయండి. ఏ గేజ్ పడిపోయింది? ఎడమది పడాలి. కుడి వైపు కూడా ఇంతే. అయ్యాక రెండు వాల్వ్‌లూ పూర్తిగా తెరవడం మరవకండి, బడ్డీని కూడా చూడమనండి. ట్విన్‌సెట్ అయితే ఐసొలేటర్ తెరిచి ఉందో లేదో చెయ్యి వెనక్కి పెట్టి మీరే తిప్పి చూడండి.

రెండోది: మూడు మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబడి, మాట్లాడకుండా, ఐదు విడతలు అంకెలు మార్చుకోండి. స్లేట్ మీద ముందుగా అంకెలు రాసుకొని చూపించండి, తర్వాత పోల్చండి. ఐదింటిలో ఒక్కటి తప్పినా మళ్లీ చేయండి. చాలామందికి 6, 7ల దగ్గర తప్పుతుంది. 60 అనుకుని చూపించింది అవతలివాళ్లకు 10లా కనబడుతుంది.

మూడోది నీళ్లలో, ఐదు మీటర్ల లోతులో: బడ్డీని అడిగేముందు అతని అంకెలు మనసులో ఊహించండి. పోయినసారి ఎడమ 160, దాన్నుంచే పీలుస్తున్నాడు, పది నిమిషాలైంది, కాబట్టి ఇప్పుడు 140 ఉండాలి. అడగండి. ఊహకు 10 బార్ అటూ ఇటూ వస్తే ఇద్దరి మధ్య మాట సరిగ్గా నడుస్తోంది. 30 తేడా వస్తే లీక్ ఉందా, ఊపిరి వేగం పెరిగిందా, పోయినసారి అంకె తప్పు చూశారా అన్నది అక్కడే ఆగి తేల్చుకోండి.

ఆఖరిది పైకొచ్చాక. గేజ్‌లు చూసుకోకముందే ఇద్దరూ స్లేట్ మీద, తిరిగినచోట బడ్డీ చెప్పిన అంకెలను జ్ఞాపకం నుంచి రాయండి. ఎడమ ఎంత, కుడి ఎంత, ఏది పీలుస్తున్నాడు. మూడూ సరిపోవాలి. అంకెలు సరిపోయి "ఏది పీలుస్తున్నాడు" దగ్గర తప్పితే, వచ్చే డైవ్‌లో ఆ సైగను వరసలో చివరిది కాకుండా మొదటిది చేసి చూడండి. మా జంటకు అలా చేశాకే కుదిరింది.